తూము నంబరు

ఇస్కపల్లి రొయ్యల గుంటల మీద నా డ్యూటీ,
రాత్రి ఎనిమిది నుంచి తెల్లారి ఆరు దాకా.
పన్నెండు ఏరేటర్లు, ఒక డీజిల్ జనరేటరు,
మేత బస్తాల మీద పరిచిన పట్ట,
జేబులో ఫోను.
గేమ్ బాక్సు మాత్రం కోవూరులో ఉండాది,
టీవీ కింద, కామాక్షి కుట్టు మిషను పక్కన,
పదకొండు వాయిదాలు కట్టినాక నాదైన నల్లడబ్బా.

పగలంతా నిద్ర. రాత్రంతా నీళ్ళు.
మధ్యలో ఆట ఎప్పుడాడేది?

"రౌటరు తిప్పి అడుగున చదువు," అన్నా ఫోన్లో.
"దుమ్ముండాది."
"తుడిచి చదువు."
నూట తొంభై రెండు, చుక్క,
నూట అరవై ఎనిమిది, చుక్క,
ఒకటి, చుక్క, ఒకటి.
జాకెట్టు కొలతలు చదివినట్టే చదివింది,
చుక్క చుక్కకీ ఊపిరి పీల్చుకుంటా.
లోపలికి పోయే మాట కూడా ఆ కాగితం మీదే ఉండాది:
అడ్మిన్, మళ్ళీ అడ్మిన్.
"తాళంచెవి తలుపుకే అంటించినారే వీళ్ళు!"
ముందు అది మార్చమన్నా.
ఏం పెట్టిందో నాకింతవరకూ చెప్పలా.

బాక్సుకి ఒక ఖాయమైన గది ఇయ్యాలి,
లేకుంటే కరెంటు పోయొచ్చినప్పుడల్లా
రూము మారుస్తుంది, అద్దెకుండే బ్రహ్మచారి మాదిరి.
ఇరవయ్యో నంబరు ఇచ్చినాం.
ఆ తర్వాత పోర్టు.
"పోర్టంటే కృష్ణపట్నమా?"
"కాదు. తూము.
మా మేనమామ కనిగిరి కాలవ మీద లస్కరు గదా,
కాలవలో వచ్చే నీళ్ళకి ఎవురి మడో తెలీదు,
ఫలానా తూము ఎత్తితేనే ఫలానా మడి తడిసేది.
తొమ్మిదివేల రెండొందల తొంభై అయిదు,
ఆ తూము ఎత్తి ఇరవయ్యో మడికి మళ్ళించు."
"అట్ట చెప్పొచ్చు గదా మొదుటే," అని
ఎత్తింది.

నీళ్ళు రాలా.

మూడు రాత్రులు రాలా.
తెర మీద గుండ్రం తిరగతానే ఉండాది,
ఏరేటరు రెక్క మాదిరే, గాలి మాత్రం పుట్టకుండా.
ఆపి వేసినాం. వేసి ఆపినాం.
నాలుగో రోజు కామాక్షే పోయి పట్టుకుంది
టీ అంగడి దగ్గర కేబుల్ మస్తానయ్యని.
"నిజం చెప్పన్నా, మా ఇంటికి అడ్రసుండాదా లేదా?"
అతను గ్లాసు కింద పెట్టినాడంట.
"లేదమ్మా. మీ వీధి మొత్తానికీ ఒకటే.
ముప్పై ఎనిమిది ఇళ్ళు,
బయటోళ్ళకి మీరంతా ఒకే గడప."
మా తూము సక్రమంగానే లేచి ఉండాది.
ఎగువన ఇంకో లస్కరు ఉండాడని మాకు తెలీలా.

నెలకి నూటయాభై ఎక్కువ.
మస్తానయ్య భార్యకి రెండు జాకెట్లు కుడితే
మొదటి నెల చెల్లు.
పొద్దుగూకేతలికి మాకంటూ ఒక నంబరు వచ్చింది.
రేషన్ కార్డు వచ్చినప్పుడు కూడా
నేనింత సేపు చూసుకోలా.

ఆ రాత్రి పదకొండున్నరకి గుండ్రం ఆగింది.
ఎర్ర కారు, వాన రోడ్డు.
ఇక్కడ నేను బొటనవేలు తిప్పితే
అక్కడ, కోవూరులో, కారు తిరగతా ఉండాది,
ఒక్క రెప్పపాటు ఆలస్యంగా,
నిద్రలో లేపితే పలికినట్టు.

మూడో మలుపులో ఏడో ఏరేటరు ఆగింది.
చెవికే ముందు తెలుస్తుంది అది,
పన్నెండు చప్పుళ్ళలో ఒకటి తగ్గడం.
ఫోను బస్తా మీద పారేసి ఉరికినా.
ఫ్యూజు పీకి, నడుము లోతు నీళ్ళలో దిగి,
షాఫ్టుకి చుట్టుకున్న నాచు కత్తితో కోసి,
రొయ్య ఏదీ పైకి తేలలేదని టార్చి వేసి చూసుకోని
వచ్చేతలికి ఇరవై నిమిషాలు.

కారు పోతానే ఉండాది.
నేను తాకలా.
రోడ్డు మీద కాదు, కంచె దాటి,
జొన్నచేను లాంటి దాంట్లో, వెనక్కి,
వైపర్లు ఆడిస్తా.
కోవూరులో మిషను ఆపి ఎవురో
రెండో రిమోటు చేతికి తీసుకోనుండారు.

ఫోన్ చెయ్యలా.
తడిచేతులు పట్టకి తుడుచుకోని
చూస్తా కూర్చున్నా, ఎంత అధ్వానంగా తోలతుందో.
చివరికి కారుని తీసకపోయి కాలవలో దించింది.
దించి,
రెండుసార్లు హారను కొట్టింది.