ముప్పై అయిదు నిమిషాలు

ఆపియా నుంచి పాగో పాగోకి
నూట పాతిక కిలోమీటర్లు, అటూ ఇటూగా.
ముప్పై అయిదు నిమిషాలు.
ఎదురుగాలి ఉంటే నలభై.
ఈ ముక్క రోజుకి ఎన్నిసార్లు చెబుతానో!

మా విమానం చిన్నది.
పెట్టెల్నే కాదు, మనుషుల్నీ తూస్తాం.
పెద్దవాళ్ళు చెప్పులు విప్పి మరీ
ఎక్కుతారు కాటా మీదికి,
చర్చిలో అడుగు పెడుతున్నట్టు.

ఇవాళ శనివారం. మసినా వచ్చింది.
చంకలో మేలైన చాప చుట్ట,
సంచిలో ఉడికిన చేమదుంపలు.
అన్నీ కలిపి ఎనభై నాలుగు కిలోలు, రాసుకున్నాను.

"అక్కడ దిగేసరికి ఏ వారం?"
"శుక్రవారమే. మధ్యలో దినరేఖ దాటుతాం కదా."
ఆమెకి తెలీక కాదు.
పాతికసార్లు ఎక్కించిందీ నేనే.

కాటా దిగలేదు.
తమ్ముడు తెల్లవారుజామున పోయాడట,
ఇక్కడి ఆసుపత్రిలో.
అక్కడ అమ్మకి చెప్పాలి.
ఫోన్లో చెప్పే మాటా?
"అయితే నేను దిగేటప్పటికి వాడింకా
కోకోలో చక్కెర చాల్లేదని
నర్సుతో పోట్లాడుతుంటాడు"

వెనక వరసని ఆగమని సైగ చేశాను.

తిరుగు టికెట్ కొడుతుంటే అడిగింది,
"వచ్చేటప్పుడో?"
"అదే దూరం. అవే ముప్పై అయిదు నిమిషాలు."
ఆ మీద పడే రోజు సంగతి
నేను ఎత్తలేదు.