గొడుగుల బుట్ట

ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలువ మలుపున ఒక పాత రికార్డుల కొట్టు.
మా మొదటి రికార్డు వచ్చిన వారం
కొట్టువాడు దాన్ని పట్టుకుని ఎటూ తోచక నిలబడ్డాడు.
జాజ్ వైపు రెండడుగులు, జానపదాల వైపు రెండడుగులు,
చివరికి గల్లాపెట్టె పక్కన గొడుగుల బుట్టలో గుచ్చాడు.
రోలీన్ నవ్వింది. "బయట వానేగా" అంది.

నేను ఎవాల్డ్‌ని.
ఇరవై రెండేళ్లు ఆమె వెనక స్క్రాచీ వాయించాను.
స్క్రాచీ అంటే పెద్ద డోలు, దాని నెత్తిన ఇత్తడి తాళం.
ఒక చెయ్యి తోలు మీద, ఒక చెయ్యి లోహం మీద.
వెనక కూచున్నవాడికి కనిపించేది వీపే కాబట్టి
నాకు తెలిసిందంతా ఆ వీపు చెప్పిందే.

సురినామ్‌లో మూంగో. కొట్టికా నది ఒడ్డున
ఎర్రమట్టిని తవ్వి ఓడలకెత్తే కంపెనీ ఊరు.
తండ్రి పీనాస్ ఎన్‌డ్యూకా మనిషి,
తోటల్లోంచి అడవిలోకి తప్పించుకున్న బానిసల మునిమనవడు,
డోలు మీద చనిపోయినవాళ్లని పేరుపెట్టి పిలిచేవాడు.
తల్లి సాకినెమ్ జావా కూలీల బిడ్డ.
వాళ్ల నాన్న కంచు గంటలు వాయించేవాడు,
ఆడపిల్లవని ఆమెని సుత్తి ముట్టనివ్వలేదు.
పక్కింటి బిసూన్ శనివారం రాత్రి భోజ్‌పురి పాటలెత్తుకుంటే
ఇనప కడ్డీ తెల్లారేదాకా గణగణమనేది.
చెక్క గోడలు. ఏ పాటా తన ఇంట్లో తాను పడుండేది కాదు.

"ఇవన్నీ ఎలా కలిపారు?" అని విలేఖరులు అడిగితే
"విడిగా ఎప్పుడున్నాయి?" అనేది, సిగరెట్ వెతుక్కుంటూ.

ఎనభై ఆరులో యుద్ధం. పదిహేడేళ్లు ఆమెకి.
అవతలి గట్టు ఫ్రెంచివాళ్లది.
రాత్రిపూట దొంగచాటుగా దోనె. మోటారు ఆపేశారు.
భయంతో కూనిరాగం తీస్తోందట,
తీస్తున్నట్టు తనకే తెలీదట,
తల్లి నోరు మూసింది. అరచేతికి ఎండురొయ్యల వాసన.
ఆ చేతికింద పుట్టింది మొదటి పాట.
దానికి పేరు కూడా "చెయ్యి" అనే పెట్టింది.

తర్వాత విమానాశ్రయంలో రాత్రిళ్లు నేల తుడవడం,
ఎవరిదో రెగే బృందంలో వెనక గొంతు,
తర్వాత తన పేరు, అట్టమీద, తప్పు స్పెల్లింగుతో.
కంపెనీ పెద్దమనిషి కాఫీ ఇప్పించి మెత్తగా చెప్పాడు:
"ఒకటి ఎంచుకో అమ్మా, అమ్మిపెడతాను."
కాఫీ తాగి వచ్చేసింది.
పెద్దల డోలుని బజారుకీడ్చావని తండ్రివైపు వాళ్లు,
గంటలకి గిటారు కట్టావని తల్లివైపు వాళ్లు
చెరో వైపునుంచీ ఉత్తరాలు రాశారు.
అవి చదివి, మడిచి, కదిలే మైకు స్టాండు కింద పెట్టింది.

దేవతేం కాదు.
బ్రెమెన్ కచేరీ డబ్బు నాకింకా రావాలి.
ఒకసారి ఆంట్‌వెర్ప్ దగ్గర పెట్రోలు బంకులో
నన్ను మరిచిపోయి వ్యాను వెళ్లిపోయింది.
తిరిగొచ్చి, "తాళం తప్పితే గుర్తొచ్చావు" అంది.

యాభై రెండో ఏట గొంతులో కాయ. కోశారు.
ఏడు నెలలు పలక మీద రాసి మాట్లాడింది.
తిరిగొచ్చిన గొంతు వేరే ఎవరిదో,
అడుగున ఇసుకతో, పైకి పోబోయి మెట్టుమీద కూలబడేది.
పత్రికలు మంచిమాటలన్నీ భూతకాలంలో రాశాయి.

జ్వోల్లెలో చర్చి హాలు. నలభై మంది.
హీటరు చెడిపోయింది, అందరూ కోట్లతోనే కూచున్నారు.
నేను తోలు వదులు చేసి శ్రుతి దించాను.
"చెయ్యి" ఎత్తుకుంది.
ముప్పై ఐదేళ్లు పైస్థాయిలో పాడిన పాట
ఇప్పుడు మూసిన నోట్లోంచి వస్తున్నట్టు,
మాటకీ గాలికీ మధ్య ఏదో అడ్డున్నట్టు.
నా ఒళ్లు చల్లబడింది. అది హీటరు వల్ల కాదు.

రెండో చరణం ముందు నావైపు తిరిగింది.
కచేరీ మధ్యలో ఆమె ముఖం చూడటం అదే మొదలు.
"మెల్లగా, ఎవాల్డ్," అంది, మైకుకి అందకుండా,
"గట్టుమీద సైనికులున్నారు."

నేను కర్ర పక్కన పెట్టి
ఇంకా వణుకుతున్న తాళం మీద
అరచెయ్యి వేశాను.