చివరి వరుస

డులూత్‌లో ఫిబ్రవరి.
హరిత భవనాల సంఘం, నెలవారీ సమావేశం.
"కుర్రాళ్లు రావడం లేదు" అని
ప్రతిసారీ మినిట్స్‌లో రాసుకుంటాం,
ఇంకో రెండు పిజ్జాలు తెప్పిస్తాం.

ఈసారి సిగ్రిడ్ వచ్చింది, కాలేజీ పిల్ల.
మంచు బూట్లు గుమ్మంలో విప్పి
చివరి వరుసలో కూర్చుంది.
గోడ ఎంత మందం ఉండాలో
మేం గంటసేపు కొట్లాడుకున్నాం.

ఆ పిల్ల లేచి
సంచిలోంచి అగరుబత్తి తీసి వెలిగించింది.
నాకది పూజగది వాసన,
ఆమెకు పనిముట్టు.

నిటారుగా లేచిన పొగ
మా కిటికీ దగ్గర
ఉన్నట్టుండి మెలితిరిగింది.

పదకొండేళ్లుగా ఆ కిటికీ పక్కనే
శాలువా కప్పుకుని లెక్కలు చదివే ఆర్విడ్
కుర్చీ కాస్త పక్కకు జరిపి,
"ఇంకో పుల్లుందా?" అని
చెయ్యి చాచాడు.