రెండు వేళ్ళ వదులు

వనాలే కొండ దిగి ఎంబాలే ఊళ్ళోకి తిరిగే చోట
ఖైంజా షెడ్డు.
షెడ్డంటే ఒక రేకు, నాలుగు యూకలిప్టస్ గుంజలు,
ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లబడ్డ నేల.

నా బండి కనబడకముందే వినబడిందట.
"డబ్బాలో గులకరాళ్ళు పోసుకొస్తున్నావా గిడుడూ?"
చైను, అన్నాను.
అప్పటికే గోనెపట్టా పరిచి కూర్చుంది.

ఇరుసు నట్టు చూసి చాలాసేపు మాట్లాడలేదు.
ఆరు మూలలూ అరిగి
చప్పరించి ఉమ్మేసిన పిప్పరమెంటులా ఉంది.
"ఎవరిదీ పని?"
నాదే. మొన్న రాత్రి, వానలో,
ఉలీ సుత్తీ పెట్టి.
"ఆకలేస్తే చెప్పు నములుతావా?
పంతొమ్మిది నట్టుకి పంతొమ్మిది పానా. అంతే."

ఆరు పలకల సాకెట్టు దాని మీద దిగగొట్టి,
పిడికి గొట్టం తొడిగి, ఒంటి బరువంతా వేసింది.
కదిలే పన్ను ఊడినట్టు
ఒక చిన్న మూలుగుతో వదిలింది నట్టు.
మందుల డబ్బాలోంచి కొత్తది తీసి
ఖరీదు ముందే చెప్పింది.

పట్టా మీద పానాలన్నీ వరసగా:
పది, పన్నెండు, వైరు బ్రష్షు, స్టీలు స్కేలు.
టార్క్ పానా మాత్రం విడిగా, పాత ప్యాంటు గుడ్డలో.
ఏదో మిల్లు మూతపడి సామాను వేలం వేస్తే కొన్నదట.
దాన్ని పిల్లలు ముట్టుకోకూడదు,
మొగుడు అరువడగకూడదు.

ఇంజను ఆపించి చక్రాన్ని చేత్తో తిప్పింది.
"ఇంజను నడుస్తుండగా చైను ముట్టుకున్నవాడి వేలు
ఈ షెడ్డు వెనకే ఎక్కడో ఉంటుంది, వెతుక్కో."
చైను అంతటా ఒక్కలా సాగదట,
ఎక్కడ బాగా బిగిసిందో అక్కడే కొలవాలట.
కింది వరస నడిమిన స్కేలు నిలబెట్టి
వేలితో ఎత్తింది, వదిలింది.
ఏడు సెంటీమీటర్లు.
నా వైపు చూడలేదు, అదే నయం.

ఎడమ పావు చుట్టు. కుడి పావు చుట్టు.
గీతలు నన్ను లెక్కపెట్టమంది.
ఇటు నాలుగు, అటు నాలుగు.
ఒక్క గీత తేడా వచ్చినా
చక్రం పెడముఖం పెట్టుకుని నడుస్తుందట.

మూడు సెంటీమీటర్ల దగ్గర ఆపేసింది.
రెండు వేళ్ళ మందం. ఇంకా ఊగుతూనే ఉంది.
బిగించు, అన్నాను, ఇంకొంచెం.
డబ్బులిచ్చేది ఊగడానికా?
"మూటలు కట్టు," అంది.

రెండు కాఫీ మూటలు కట్టాను. ఎక్కి కూర్చున్నాను.
నా చెయ్యి కిందికి లాగి చైను మీద పెట్టింది.
షాకులు దిగిపోయాయి,
ఉన్న వదులంతా బరువు తినేసింది,
వేలెడు కూడా మిగల్లేదు.

అప్పుడు వంగోతా గుర్తొచ్చాడు.
తీగలా బిగించుకుని పోయేవాడు, అదో గొప్ప.
మూడో మలుపులో చైను తెగి చక్రానికి చుట్టుకుంది.
వాడు బతికాడు.
చీకటి పడేదాకా ఆడవాళ్ళు
బురదలోంచి గింజలు ఏరుతూనే ఉన్నారు.
నేనూ ఏరాను.
ఆ సంగతి ఖైంజాకి చెప్పలేదు.

మూటలు దించాక గుడ్డ విప్పింది.
టార్క్ పానా టక్కుమంది, ఒక్కసారే,
తలుపు గడియ పడ్డట్టు.
మళ్ళీ స్కేలు పెట్టింది.
ఇరుసు బిగిస్తే చైనూ కాస్త బిగుస్తుందట,
నమ్మకం వేరు, కొలత వేరు.
పిన్ను వంచింది, బ్రేకు కడ్డీ సరిచేసింది,
చేతులు బూడిదతో తోముకుంది.

సాయంత్రం ఖాళీ బండితో కొండ ఎక్కాను.
గొలుసు చప్పుడు విని దారి వదిలే పిల్లలు
మలుపులో అలాగే గోళీలాడుతున్నారు,
ఒక్కడూ తల ఎత్తలేదు.
ఈ బండి కొన్నాక మొదటిసారి
హారన్ కొట్టాల్సి వచ్చింది.