చింతగింజంత బరువు

మూడు బంతుల పెట్టె ఆయన ముందు పెట్టిన.
నీలం, పసుపు, ఎరుపు.
"గిదేంది బిడ్డా, పోరగాండ్ల ఆటసామానా?"
ఆ ఒక్క మాట అడగడానికి
ఓదెలు నాలుగుసార్లు ఆగిండు.

ఎనుమాముల అవతల జిన్నింగు మిల్లు.
మాఘమాసం, ఇంకా తెల్లారలేదు.
బేరింగు కాడ ఒక్క నిప్పురవ్వ.
పత్తికుప్ప దాన్ని దాచుకుని దాచుకుని
ఒక్కసారే బయటపెట్టిందట.
వెనకదిక్కు తలుపు గొళ్ళెం కాడికి పోయినోడు ఓదెలు.
తీసిండు. ఆరుగురు ఉరికిండ్రు.
ఏడోవాడు తానే, ఆలస్యంగా.

మొదటి రాత్రి, కాలింది ఒళ్ళే అనుకున్నం.
ముక్కు వెంట్రుకలు మాడినయి,
ఉమ్మిలో మసి, గొంతు బొంగురు.
సర్జన్ సారు నోట్లకు టార్చి కొట్టి చూసి
పైపు వెయ్యమన్నడు,
వాపు వచ్చి దారి మూయకముందే.

డప్పును మంట కాడ కాస్తే తోలు బిగుస్తది.
పండుగకైతే మంచిదే.
ఛాతీ చుట్టూ తోలు అట్లనే బిగిసి
ఊపిరికి ఇల్లు ఇరుకైంది.
రెండు పక్కలా కోత పెడితే
పక్కటెముకలు లేచినయి,
బోరా మూతి కుట్టు విప్పినట్టు.
మనిషి వెడల్పు కావడం
నేను ఆ పూటనే తొలిసారి చూసిన.

మూడోనాడు ఎక్స్‌రే.
నల్లగా ఉండాల్సిన చోటల్లా తెలుపు.
కొమురమ్మ దాన్ని కిటికీకి పట్టి చూసి
"పత్తి ఇంకా లోపలనే ఉన్నదా?" అన్నది.
నీరమ్మా అది, అన్న.
కాలిన ఒంటి కోపాన్ని నెత్తురు మోసుకపోయి
మంట ముట్టని గోడలు కూడా చెమర్చేటట్టు చేస్తదని
చెప్పలేకపోయిన.

ఊపిరితిత్తులు అంటం గదా.
తిత్తి అంటే కొలిమిది.
నిప్పును ఊదాల్సిన తిత్తిని
నిప్పే ఊదితే ఏమంటరో
మా పుస్తకాలల్ల మాట లేదు.

పంతొమ్మిది రోజులు మిషను ఊపిరి.
ఇరవైరెండోనాడు ఈ పెట్టె.

"ఊదకు పెద్దయ్యా, లోపలికి గుంజు."
ఊదిండు. మళ్ళా ఊదిండు.
"బతుకంత పొయ్యి ఊదినోళ్ళం,
గుంజుడు మాకెవరు నేర్పిండ్రు బిడ్డా"
కొమురమ్మ నా మీదికే వచ్చింది.

క్వింటాలు బోరా వీపున వేసుకుని
ఒక్క దమ్ముల లారీ పలక ఎక్కిన మనిషి.
చింతగింజంత బరువు లేని బంతి.
కదలలేదు.
ఆయన కండ్లు మూసిండు.
నేను సెలైన్ బాటిల్ సదిరినట్టు చేసిన.

ఎనిమిదోనాడు నీలంబంతి
అడుగు విడిచి, వణికి, పైకి తగిలి
టక్కుమన్నది.
పక్క మంచం పోరడు తల తిప్పిండు.
"దీనికి హమాలీ... ఎంత... కట్టిస్తవ్?"
నవ్వబోతే దగ్గు.
ఆ దగ్గు ఆగేదాకా
వీపు మీద కాలని జానెడు చోటు వెతికి
చెయ్యి ఆనించిన.

ఇప్పుడు వేబ్రిడ్జి కాడ చీటీలు రాస్తడు.
మచ్చ ముడుచుకుని ఛాతీ సగమే తెరుచుకుంటది.
పెట్టెను గూట్లో, కాటా రాళ్ళ పక్కన పెట్టుకున్నడు.
ఎర్రబంతి ఇంకా లేవలేదట.

చలి మొదలైతే ఫోను చేస్తడు.
రెండు మాటలు, ఆగుడు, ఒక మాట.
నడుమ ఖాళీలో లారీ హారన్లు,
ఈలలాంటి సన్నటి గాలి.
లైను తెగిందనుకుని
హలో హలో అనడం మానేసిన.
మిగిలిన మాట
మెట్లెక్కి వస్తున్నది.