తుడవని మూల

రుషికొండ కోర్టు అద్దాలకి
రాత్రి సముద్రం పూసిన ఉప్పు
తెల్లారి తుడిచేది నేనే.
తుడుస్తూ తుడుస్తూ రూల్సన్నీ వంటబట్టాయి:
సర్వీసులో బంతిని నేలకి కొట్టి
నడుం దాటకుండా, ఐమూలగా పంపాలి.
అవతలి నేలని తాకాకే అద్దం;
నేరుగా అద్దానికి తగిలితే పాయింటు పోయినట్టే.

పోర్టు క్రేను దిగి రిటైరైన గౌరునాయుడు గారు
ప్రతి బంతికీ ఎగబడతారు.
"ఎల్లనీండి బావూ,
ఎనకద్దం మల్లీ ఇచ్చెత్తాది"
అని బయట్నించి మొత్తుకుంటాను.

నలభై, నలభై. గోల్డెన్ పాయింటు.
ఏ పక్కన ఆడాలో అందుకునేవాళ్ల ఇష్టం.
ఆయన నా వంక చూశారు.
తడిగుడ్డ ఎడమకి ఊపాను.

సర్వీసు వచ్చింది.
ఈసారి ఎగబడలేదు, ఆగారు,
వొంగి, వీపు నెట్‌కి తిప్పి, నన్నే నమ్మినట్టు.

నేను తుడవని మూలలో
బంతి అద్దం మీద జారి
లేవలేదు.

గుడ్డ పిండుకున్నాను.