ఉత్త కల్లు

హెణ్ణూరు ఆరోగ్యకేంద్రంలో
మణెమ్మ మాటల్ని కన్నడంలో పెట్టడం నా పని.
"మద్యం అలవాటుందా?"
"ఛీ, తాగుడెక్కడిదమ్మా. ఉత్త కల్లు."

పాలమూరు బస్సులో సీటు కింద
మూత వదులు చేసిన ఐదు లీటర్ల డబ్బా.
దేవనహళ్ళి దాటేసరికి బాగా పులిసి
బస్సంతా అదే వాసన.
తొమ్మిదో అంతస్తుకి ఇసుక మోసిన నడుము
శనివారం రాత్రి దాంతోనే పడుకుంటుంది.

తొలికాన్పుకి పాలు పడాలని
అత్త చెంబుడు పోసింది.
పాలు పడలేదు.
పాప మాత్రం ఏడవకుండా ఎంతసేపైనా నిద్రపోయేది.
బుద్ధిమంతురాలని మెచ్చుకున్నారు,
లేవని రోజుదాకా.

తర్వాత రెండు కడుపులు నిలవలేదు.
నెలసరి లెక్కకి గోడమీద బొగ్గుతో గీతలు గీసుకుంది.
మేస్త్రీ ఆ గోడకి పూత వేయించాడు.

డాక్టరమ్మ 'అవును' పక్కన టిక్కు పెట్టింది.
నేనేదో చాడీ చెప్పినట్టు
మణెమ్మ నావైపు చూసింది.
"పులిసినదేదైనా ఒకటేనట మణెమ్మా,
లోపలి పిండానికి పేర్లు తెలియవట."
కొంగు వేలికి చుట్టుకుంటూ తలూపింది.
"బంద్ జేస్త తియ్యి.
మరి నడుముకేం రాస్తదో అడుగు."

ఆ ప్రశ్నకి కన్నడం నాకొచ్చు.
కాసేపు రానట్టు కూర్చున్నాను.